హవాయి భాషలోకి పిల్లల యాప్: మెషీన్ అనువాదం, ఒక రివ్యూయర్ చాలవు

ప్రశ్న: మాది పిల్లల కథల యాప్. తెలుగు, కన్నడ, మరాఠీల్లో ఇప్పటికే ఉంది. ఒక దాత హవాయి భాషలో కూడా తెమ్మంటున్నారు. కథలూ బటన్లూ మెషీన్‌తో అనువాదం చేయించి, ఆ భాష వచ్చిన ఒకరితో సరిచూపిస్తే సరిపోతుందా? ఎన్నాళ్లు పట్టొచ్చు?

సమాధానం:

సరిపోదండీ. తెలుగుకీ మరాఠీకీ మీరు చేసిన పద్ధతిని తప్పుపట్టడం లేదు. అది ఈ భాషకు పనికిరాదు, అంతే. ముందే ఒక మాట చెప్పాలి: నేను హవాయి భాషలో రాసే మనిషిని కాను. సాఫ్ట్‌వేర్ లోకలైజేషన్‌లో, అంటే యాప్‌లను వేరే భాషల్లోకి తెచ్చే పనిలో, ఫైళ్లు, ఫాంట్లు, రివ్యూలు చూసుకునే వైపు నుంచి ఈ భాషతో పరిచయం. భాష విషయంలో చివరి మాట ఎప్పుడూ అక్కడి వాళ్లదే.

మీ తెలుగు వెర్షన్‌లో ఒక వాక్యం ఎబ్బెట్టుగా వచ్చిందనుకోండి. పిల్ల నవ్వుకుంటుంది, లేదంటే వాళ్లమ్మ "ఇదేం తెలుగే" అంటుంది. అక్కడితో సరి. ఆ పిల్ల తెలుగుకు వచ్చిన నష్టమేమీ లేదు. ఇంట్లో, వీధిలో, బస్సులో, టీవీలో ఆమెకు కావలసినంత తెలుగు దొరుకుతుంది. అమెరికాలోని హవాయి రాష్ట్రం రాజధాని హోనలూలులో హవాయి మీడియం బడికి వెళ్లే పిల్ల పరిస్థితి అది కాదు. బడి గేటు దాటితే అంతా ఇంగ్లిషే. చాలామందికి ఇంట్లో కూడా అమ్మానాన్నలు బడితో పాటే భాష నేర్చుకుంటూ ఉంటారు. అలాంటి పిల్ల చేతికి మీ యాప్ వెళితే, ఆ సాయంత్రం ఆమె చదివే హవాయి భాష మొత్తం అదే కావచ్చు. అందులో తప్పు ఉంటే, ఇది తప్పు అని చెప్పేవాళ్లు పక్కన ఉండరు. అది ఆమె భాషలో భాగమైపోతుంది. అందుకే ఈ భాషలోకి వెళ్లే ప్రతి వాక్యాన్నీ పాఠ్యపుస్తకంలో వాక్యంలా చూడాలంటాను. మిగతా సలహాలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

ఈ పరిస్థితి ఎలా వచ్చిందో కొంచెం తెలిసి ఉండాలి, లేకపోతే అక్కడి టీచర్లతో మాట్లాడేటప్పుడు ఇబ్బంది పడతారు. హవాయి భాష చదువురాని వాళ్ల భాషగా చచ్చిపోలేదు. 1820లో మిషనరీలు వచ్చారు, 1822లో అచ్చు మొదలైంది, 1839కల్లా బైబిల్ మొత్తం అనువాదమైంది. ఆ పనిలో డేవిడ్ మాలో లాంటి హవాయి పండితుల చెయ్యి ఉంది. 1834 నుంచి 1948 దాకా వంద వరకు పత్రికలు నడిచాయి, పేజీలు లెక్కేస్తే లక్షా పాతిక వేలంటారు. అరేబియన్ నైట్స్ కథలు సీరియల్‌గా చదువుకున్న జనం వాళ్లు. 1893లో రాణి లిలియుఒకలానిని గద్దె దింపారు. 1896లో కొత్త ప్రభుత్వం 57వ చట్టం తెచ్చి బడుల్లో బోధన అంతా ఇంగ్లిష్‌లోనే జరగాలంది. బడిలో హవాయి మాట్లాడిన పిల్లలకు దెబ్బలు పడ్డాయి. ఆ తరం పెరిగి పెద్దదై తమ పిల్లలతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడింది. 1978లో రాష్ట్ర రాజ్యాంగం హవాయి భాషను అధికార భాషగా గుర్తించింది కానీ, అప్పటికి మాట్లాడేవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు. 1983లో పుట్టిన 'అహ పూనన లెయో' అనే సంస్థ చెప్పేదాని ప్రకారం, ఆ నాటికి 18 ఏళ్లలోపు వాళ్లలో ఈ భాష వచ్చినవాళ్లు 50 మంది కూడా లేరు. న్యూజిలాండ్ మావోరీలు మొదలుపెట్టిన పిల్లల బడుల్ని చూసి వీళ్లు 1984లో కవాయి దీవిలోని కెకహ ఊళ్లో మొదటి బడి తెరిచారు. అప్పటికి ఆ పాత నిషేధం చట్టంలో ఇంకా ఉంది, 1986లో గానీ తొలగించలేదు. 1987లో ప్రభుత్వ బడుల్లోకి హవాయి మీడియం వచ్చింది. ఇప్పుడు ఇంట్లో ఈ భాష మాట్లాడతామని సెన్సస్‌లో చెప్పేవాళ్లు సుమారు 18 వేలు. అందులో ఎక్కువమంది దీన్ని నేర్చుకున్నవాళ్లే. యునెస్కో పట్టికలో ఈ భాష ఇంకా తీవ్ర ప్రమాదంలోనే ఉంది.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. మీ పాఠకులందరికీ ఇంగ్లిష్ వచ్చు. తెలుగు వెర్షన్ చేసేటప్పుడు "ఇంగ్లిష్ రానివాళ్లకు అందాలి" అనుకుంటాం. ఇక్కడ ఆ అవసరమే లేదు. 2018 జనవరిలో మావీ దీవి కోర్టులో ఒక ప్రొఫెసర్ ఇంగ్లిష్ బాగా వచ్చి ఉండీ హవాయి భాషలోనే జవాబిచ్చారు. జడ్జి ఆయన హాజరు కానట్టే లెక్కగట్టి అరెస్టు వారెంటు జారీ చేశారు. మర్నాడే దాన్ని రద్దు చేయాల్సి వచ్చింది, ఆ తర్వాత కోర్టులు దుబాసీల ఏర్పాటుపై పద్ధతి ప్రకటించాయి. ఆ ప్రొఫెసర్‌కి ఆ రోజు కోర్టులో దుబాసీ అవసరం ఏముంది? తన భాష అక్కడ వినబడాలి, అంతే. మీ యాప్ తెరిచే తల్లి కూడా సమాచారం కోసం తెరవదు, పిల్ల చెవిన ఆ భాష పడాలని తెరుస్తుంది.

కాబట్టి మొదటి నిర్ణయం, ఏది అనువదించకూడదు అని. ప్రైవసీ పాలసీ, షరతులు, పేమెంట్ పేజీలు, పెద్దవాళ్లు ఏడాదికోసారి చూసే సెట్టింగులు ఇంగ్లిష్‌లోనే ఉండనివ్వండి. వాటి మీద ఖర్చయ్యే టీచర్ సమయం కథల మీద పెట్టండి. పిల్ల కంట పడేవి, చెవిన పడేవి ముందు. ఇంకోవైపు, మొహం మీద "అలోహ", కింద "మహాలో" రాసి లోపలంతా ఇంగ్లిష్ ఉంచే అలంకారం మాత్రం వద్దు. అక్కడ ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లో చెత్తబుట్టల మీద "మహాలో" అని ఉంటుంది. దాన్ని చూసి చెత్తకి హవాయి మాట అదే అనుకునే టూరిస్టుల మీద ఎప్పటినుంచో జోకులున్నాయి. అసలు అర్థం కృతజ్ఞతలు.

రెండోది, ఎవరు రాస్తారు. "ఆ భాష వచ్చిన ఒకరు" అన్నారు కదా, అక్కడే గొడవ. ఎవరి హవాయి? నీహావు అనే చిన్న దీవి ఉంది. 1864 నుంచి ఒకే కుటుంబం చేతిలో ఉన్న ప్రైవేటు దీవి. అక్కడ ఈ భాష తెగిపోకుండా తల్లి నుంచి పిల్లకి వచ్చింది. జనం రెండొందల లోపే. వాళ్ల మాటలో మిగతా చోట్ల 'క' పలికే దగ్గర తరచూ 'త' వినిపిస్తుంది. 1826లో మిషనరీలు అక్షరమాల స్థిరపరిచేటప్పుడు క, త రెండిట్లో 'క' ఉంచి 'త' తీసేశారు, నీహావు వాళ్ల నోట అది మిగిలింది. రాతలో కూడా వాళ్లు గుర్తులు అంతగా పెట్టరు. ఇటు యూనివర్సిటీలో, బడుల్లో నేర్చుకున్నవాళ్లు దీర్ఘాలు, గుర్తులు అన్నీ పెట్టి రాస్తారు. కొత్తమాటలు ఎక్కువ వాడతారు. వాళ్ల వాక్యంలో అడుగున ఇంగ్లిష్ కనబడుతుందని పాతవాళ్ల ఫిర్యాదు. ఈ తగువులో తీర్పు చెప్పడం మన పని కాదు. మీ యాప్ వాడేది మీడియం బడుల పిల్లలైతే బడి రాత పద్ధతే పెట్టండి, కానీ కథ వినిపించే గొంతుల్లో ఒకటైనా పెద్దవాళ్లది ఉండేట్టు చూడండి. రాసేవాళ్లు ఒకరు, గట్టిగా చదివించుకుని విని చెప్పే పెద్ద ఒకరు, తరగతిలో పిల్లలకిచ్చి చూసే టీచర్ ఒకరు, ముగ్గురన్నా కావాలి. ముగ్గురికీ డబ్బివ్వండి. "మా భాష కోసం ఊరికే చేస్తారులే" అనుకునే సంస్థలు ఎక్కువైపోయి, ఆ కొద్దిమంది మీదే ప్రపంచంలోని వలంటీర్ పనంతా పడుతోంది.

వీలైతే కథల్ని అసలు అనువదించకండి. వాళ్ల చేతే రాయించండి. దీనికి అక్కడే మంచి ఉదాహరణ ఉంది. మీడియం బడుల పిల్లలకు పెట్టే రాష్ట్ర పరీక్షలు ఒకప్పుడు ఇంగ్లిష్ ప్రశ్నపత్రానికి అనువాదాలు. భాష కుదరక, సందర్భాలు కుదరక, పిల్లలకు లెక్క వచ్చినా ప్రశ్న అర్థం కాక తల్లిదండ్రులు వ్యతిరేకించారు. చివరికి మానోవాలోని హవాయి యూనివర్సిటీతో కలిసి విద్యాశాఖ, మొదటి ప్రశ్న నుంచీ హవాయి భాషలోనే ఆలోచించి రాసిన పరీక్ష తయారుచేయించింది. పరీక్షకే అంత అవసరమైతే కథ సంగతి చెప్పాలా? మీ దగ్గర ఉన్న పంచతంత్రం నక్క కథ వాళ్లకు తిరిగి చెప్పడానికి ఇవ్వండి, లైను లైనుకీ ఇంగ్లిష్ పక్కన పెట్టకండి. అసలు అక్కడ నక్కలే లేవు. నక్క బదులు ఏం వస్తుందో వాళ్లనే చూసుకోనివ్వండి.

ఇప్పుడు మీ ఇంజినీర్లకు. నా అనుభవంలో అసలు టెన్షనంతా ఇక్కడే.

హవాయి అక్షరాలు చాలా తక్కువ: అయిదు అచ్చులు, ఏడు హల్లులు, వాటికి తోడు 'ఒకిన' అనే గుర్తు. ఒకిన అంటే గొంతు దగ్గర గాలి ఒక్క క్షణం ఆగడం. చూడ్డానికి తిరగేసిన కామాలా ఉంటుంది కానీ అది విరామచిహ్నం కాదు, పూర్తి హల్లు. అచ్చు మీద పెట్టే అడ్డగీత 'కహకో', మన దీర్ఘం లాంటిదే. ఒక్క గుర్తు మారితే మాట మారిపోతుంది. ఒకిన ఉన్న చోట నేను చిన్న గీత పెడుతున్నాను, చూడండి: 'పవు' అంటే అయిపోయింది, 'ప-ఉ' అంటే మసి, 'ప-ఊ' అంటే తడి, 'పా-ఊ' అంటే పావడా. ఇంకా ప్రమాదమైనది: 'కొ-ఉ' అంటే నా, 'కొవు' అంటే నీ. మీ డేటాబేస్‌లోకి వెళ్లే ప్రతి వాక్యంలోంచీ కామా లాంటి గుర్తుల్ని తీసేసే కోడు ఎక్కడో ఒకటి ఉంటుంది, భద్రత కోసమని ఎవరో ఎప్పుడో రాసింది. అది ఒకినను కూడా మింగేస్తుంది. అప్పుడు "నా పేరు" అన్న లేబుల్ చడీచప్పుడు లేకుండా "నీ పేరు" అయిపోతుంది. ఎర్రర్ రాదు, యాప్ ఆగదు, టెస్టర్‌కి ఏమీ తెలియదు.

కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక నంబరు ఇచ్చే పట్టిక యూనికోడ్‌. అందులో ఒకినకి సొంత స్థానం ఉంది: 02బీబీ. దాన్ని అక్షరంగానే వర్గీకరించారు. కానీ కీబోర్డు మీద సులువుగా దొరకదని జనం మామూలు అపాస్ట్రఫీ కొడతారు. వర్డ్ ప్రాసెసర్ తెలివి చూపించి దాన్ని కొటేషన్ గుర్తుగా మారుస్తుంది. మాట మొదట్లో కొడితే ఒకిన లాగే వంగుతుంది, మాట మధ్యలో కొడితే అటు తిరిగి వంగుతుంది. 2017 అక్టోబరులో హలెయకలా కొండ మీది టెలిస్కోపుతో, బయటి నక్షత్రాల నుంచి వచ్చిన వస్తువు ఒకటి దొరికింది కదా, 'ఒవుమువమువ' అని పేరు పెట్టారు. ఆ పేరు మొదలయ్యేదే ఒకినతో. వార్తల్లో దాన్ని ఎన్ని రకాలుగా రాశారో వెతికి చూడండి, మీ అనువాదకుల ఫైళ్లు ఎలా వస్తాయో అర్థమవుతుంది. ఫైలు లోపలికి రాగానే ఈ రకాలన్నింటినీ 02బీబీకి మార్చే చిన్న స్క్రిప్టు పెట్టండి. అయితే నిజమైన కొటేషన్లు కూడా మారిపోకుండా మనిషి ఒకసారి చూడాలి. కహకో అచ్చుల్ని కూడా ఒకే రూపంలోకి తెచ్చుకోండి. ఒక ఫైల్లో అచ్చు, గీత కలిసిన ఒకే అక్షరంగా, ఇంకో ఫైల్లో రెండు ముక్కలుగా వస్తే కంటికి తేడా ఉండదు, సెర్చ్‌లో మాత్రం దొరకదు.

పాత కథలు ఎవరైనా ఇస్తామంటే మీకు ఇంకో సర్ప్రైజ్ ఉంది. యూనికోడ్ రాకముందు వాళ్లకు సొంత ఫాంట్లుండేవి. జర్మన్‌లో అచ్చు మీద రెండు చుక్కలు పెట్టే అక్షరాల స్థానంలో కహకో అచ్చుల్ని పెట్టుకున్నారు. ఒకిన, రెండు చుక్కల 'వై' స్థానంలో ఉండేది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే వాక్యం నిండా చుక్కలే. అను ఫాంట్లలో టైపు చేసిన పాత తెలుగు ఫైలు తెరిచి తల పట్టుకున్నవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. మార్చడం సులువే, ముందు గుర్తుపట్టాలంతే.

తర్వాత, ముక్కలు అతికించి వాక్యాలు చేసే అలవాటు. ఇంగ్లిష్‌లో "మై" అని ఒక స్ట్రింగ్ (యాప్‌లో కనిపించే రాత ముక్క) పెట్టి దాని పక్కన ఫోటోలు, కథలు, ఫ్రెండ్స్ అన్నీ అతికిస్తారు. హవాయిలో 'నా' అనే మాటకు రెండు రూపాలు, 'క-ఉ', 'కొ-ఉ'. నేను సంపాదించుకునేవి, చేసేవి, కన్నవి మొదటి రకం: పిల్లలు, పుస్తకం. నాతో పుట్టుకొచ్చేవి, నన్ను మోసేవి, నాకు ఆశ్రయమిచ్చేవి రెండో రకం: అమ్మానాన్నలు, పేరు, ఇల్లు, ఎక్కి కూర్చునే కారు. ఒకే మాటకు రెండూ రావచ్చు. "నా ఫోటో" అన్నప్పుడు మొదటి రూపం వాడితే నేను తీసిన, నా దగ్గరున్న ఫోటో, రెండోది వాడితే నేను ఉన్న ఫోటో. మీ యాప్‌లో "నా ఫోటోలు" బటన్ ఏదో అనువాదకులకు తెలియాలంటే, స్ట్రింగ్‌తో పాటు స్క్రీన్‌షాట్ ఉండాలి. ఏకవచనంలో మాట ముందు వచ్చే ఆర్టికల్ (ఇంగ్లిష్ 'ది' లాంటిది) కూడా ఇంతే. క, ఎ, అ, ఒ శబ్దాలతో మొదలైతే 'కె', మిగతా వాటికి 'క', కొన్ని మినహాయింపులున్నాయి. ఎవరో ఉత్సాహవంతుడైన ఇంజినీరు "ఓస్ ఇంతేనా" అని దీనికి కోడు రాస్తాడు. ఒకినతో మొదలయ్యే మాటకు మామూలుగా 'క' రావాలి, భూమిని 'క ఆయిన' అంటారు, ఆ 'ఆ' ముందు ఒకిన ఉంది. పైన చెప్పిన కోడు ఒకినను మింగేసి ఉంటే ఈ కోడు 'కె' పెట్టేస్తుంది. ఒక తప్పు ఇంకో తప్పును కంటుంది. మాటలు అతికించడం మానేసి పూర్తి వాక్యాలు రాయించండి, స్ట్రింగులు పెరిగినా సరే.

సర్వనామాల దగ్గర మాత్రం మనం లాభపడతాం. ఇంగ్లిష్ 'వుయ్' చూడగానే మనం ఆగి "మనమా, మేమా" అని అడుగుతాం కదా, హవాయి వాళ్లదీ అదే ప్రశ్న. వాళ్లు ఇంకో మెట్టు ఎక్కి ఇద్దరమా, ఎక్కువమందిమా అని కూడా అడుగుతారు. 'కావువ' అంటే నువ్వూ నేనూ మనిద్దరం, 'మావువ' అంటే నిన్ను కలపకుండా మేమిద్దరం, 'కాకొవు' అంటే మనమంతా, 'మాకొవు' అంటే మేమంతా. 'మీరు', 'వాళ్లు'కీ ఇలాగే ఇద్దరి రూపం వేరు. "రా, చదువుకుందాం" అనే బటన్ తల్లీపిల్లా కలిసి నొక్కేదైతే ఒకటి, తరగతి అంతా నొక్కేదైతే ఇంకొకటి. యాప్ కంపెనీ "మేము అప్‌డేట్ చేశాం" అనేది మూడో రకం. ఇవన్నీ ఇంగ్లిష్ ఫైల్లో ఒకే మాట. కాబట్టి అనువాదకులకు ఇంగ్లిష్‌తో పాటు, పక్కన ఎవరు ఎవరితో అంటున్నారో ఒక కామెంట్ లైన్ ఇవ్వండి. మీ తెలుగు ఫైల్లో మనం/మేము తేడా ఎక్కడెక్కడ వచ్చిందో చూస్తే సగం కామెంట్లు అక్కడే దొరుకుతాయి. ఇంకో సుఖం: 'వాడు, ఆమె' తేడా వాళ్లకు లేదు, రెండిటికీ ఒకటే మాట. తెలుగులో "వచ్చాడు/వచ్చింది" అని పడే తంటా అక్కడ ఉండదు.

చిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. ఈ భాషకు రెండక్షరాల కోడు లేదు, మూడక్షరాల 'హెచ్ఏడబ్ల్యూ' మాత్రమే. పాత కోడ్ లైబ్రరీలు రెండే ఒప్పుకుంటే మొదటి రోజే దొరికిపోతారు. ఒకినకి క్యాపిటల్ లేదు, కాబట్టి "మొదటి అక్షరం క్యాపిటల్ చెయ్" అనే ఫంక్షన్ ఏమీ చేయదు, దాని తర్వాతి అచ్చు క్యాపిటల్ కావాలి. అక్షరాలు తక్కువ కావడంతో మాటలు పొడుగు, బటన్లలో చోటు వదలండి. 2013లో ఒక హవాయి మహిళ ఇంటిపేరు డ్రైవింగ్ లైసెన్సు మీద పట్టలేదని వార్తలకెక్కితే రాష్ట్రమే ఫీల్డు పొడవు పెంచుకుంది. అక్షరక్రమం విషయంలో బడి అక్షరమాల మనలాగే అచ్చులు ముందు, హల్లులు తర్వాత, నిఘంటువు మాత్రం ఇంగ్లిష్ వరుస. పిల్లల యాప్‌కి ఏది కావాలో టీచర్ని అడగండి. వారాల పేర్లు సోమవారం నుంచి శనివారం దాకా ఒకటో రాత్రి, రెండో రాత్రి అని సాగుతాయి, ఆదివారం మాత్రం ప్రార్థన రోజు. సాఫ్ట్‌వేర్లలో పొట్టిగా పీ1, పీ2 అని వస్తే బగ్ అనుకుని ఫైల్ చేయకండి.

కొత్తమాటల సంగతి. "అప్‌లోడ్‌కి మాట లేదు, మనమే ఒకటి చేద్దాం" అని మీ టీమ్‌లో ఎవరైనా అంటే ఆపండి. 1987 నుంచి దీనికోసం 'కోమికె' అని పిలిచే పదాల కమిటీ ఉంది. వాళ్లు చేసిన మాటలు 'మామక కైఆవో' అనే నిఘంటువుగా వచ్చాయి. కంప్యూటర్‌కి 'లోలోవుయిల' అన్నారు, మెదడు, కరెంటు కలిపి. ఈమెయిల్ 'లెక వుయిల', కరెంటు ఉత్తరం. ఫోన్‌ని మాత్రం 'కెలెపోన' అని పలుకుబడికి తగ్గట్టు మార్చుకున్నారు. ఈ మాటలు నచ్చనివాళ్లూ ఉన్నారు, కానీ బడి పిల్లలు వాడేవి అవే. మీ యాప్‌లో ఇంకో మాట కనిపిస్తే పిల్లకి రెండు మాటలు, టీచర్‌కి ఒక తలనొప్పి. పుకుయి, ఎల్బర్ట్‌ల పెద్ద నిఘంటువుతో సహా ఇవన్నీ 'వెహెవెహె' సైట్‌లో ఉచితంగా వెతుక్కోవచ్చు. పాత పత్రికలు కూడా ఆన్‌లైన్‌లో ఉన్నాయి. వాటిలో గుర్తులు ఉండవు కాబట్టి గుర్తులు తీసేసి వెతకాలి. ఒక పలుకుబడి నిజంగా వాడుకలో ఉండేదా, ఇంగ్లిష్ నుంచి దిగిందా అని సందేహం వస్తే మంచి అనువాదకులు వెళ్లేది ఆ పత్రికల దగ్గరికే. లేదా 1972లో లారీ కిమురా మొదలుపెట్టిన రేడియో కార్యక్రమం రికార్డింగుల దగ్గరికి. ముసలివాళ్లను స్టూడియోకి పిలిచి గంటలకొద్దీ మాట్లాడించిన కార్యక్రమం అది. ఇప్పుడు హిలో యూనివర్సిటీ వాళ్ల డిజిటల్ భాండాగారంలో వినొచ్చు.

మెషీన్ అనువాదం గురించి నేరుగా చెబుతాను. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో హవాయి 2016 ఫిబ్రవరి నుంచి ఉంది. కొత్త మోడళ్లు ఇంకా నున్నగా రాస్తాయి, ఆ నునుపే ఇబ్బంది. 'క-ఉ', 'కొ-ఉ' తారుమారైన వాక్యం కూడా చదవడానికి హాయిగానే ఉంటుంది. తెలుగు రివ్యూయర్ దగ్గరకు వచ్చే మెషీన్ తప్పు చాలాసార్లు మొహం మీదే కనబడుతుంది. తనే పెద్దయ్యాక భాష నేర్చుకున్న రివ్యూయర్‌కి అది కనబడకపోవచ్చు, "మెషీన్‌కి తెలిసే ఉంటుంది" అనుకోవచ్చు కూడా. అలా వెబ్‌లోకి ఎక్కిన వాక్యాలు రేపటి మోడల్‌కి మేత అవుతాయి. 2020లో, స్కాట్లాండ్‌లో మాట్లాడే స్కాట్స్ భాష వికీపీడియా సంగతి బయటపడింది. ఆ భాష రాని ఒక అమెరికా కుర్రాడు మంచి ఉద్దేశంతోనే వేల వ్యాసాలు ఇంగ్లిష్‌ని వంకర తిప్పి రాసేశాడు, ఏళ్ల తరబడి ఎవరూ ఆపలేదు. చిన్న భాషల్లో చూసేవాళ్లు లేకపోవడమంటే ఇదే. మెషీన్‌ని రివర్స్‌లో వాడుకోండి: హవాయిలో వచ్చిన కథ స్థూలంగా ఏం చెబుతోందో మీ టెస్టర్లకు తెలియడానికి. పిల్ల కంటపడే చోట వద్దు.

హక్కుల సంగతి కాంట్రాక్టులో ముందే తేల్చుకోండి. న్యూజిలాండ్‌లో మావోరీ రేడియో సంస్థ తె హికు మీడియా 2018లో జనం చేత పది రోజుల్లో మూడొందల గంటలకు పైగా మాటలు రికార్డు చేయించింది. ఆ డేటాను పెద్ద కంపెనీలకు ఇవ్వడానికి ఒప్పుకోలేదు. దాన్ని సంరక్షించే బాధ్యత తమదని, ఉపయోగం మావోరీలకే ముందు దక్కాలని దానికో ప్రత్యేక లైసెన్సు కూడా రాసుకుంది. హవాయిలో వాళ్లు ఇదంతా చూస్తున్నారు. అనువాదకుల ఫైళ్లు, పెద్దల గొంతు రికార్డింగులు మీ కంపెనీ ఆస్తి అని రాసి ఉన్న మామూలు కాంట్రాక్టు పంపితే జవాబు కూడా రాకపోవచ్చు. యాప్‌లో వాడుకునే అనుమతి మీకు, సొంతదారు వాళ్లు, మోడళ్ల శిక్షణకు మళ్లీ అడిగితేనే. ఇలా రాసుకుంటే మాట్లాడుకోవడం తేలికవుతుంది.

ఇక్కడ చెప్పినవి హవాయికి. హవాయి చేరిన ఓషియానిక్ కుటుంబంలోని పసిఫిక్ దీవుల భాషలన్నిటికీ ఇదే సూత్రం పెట్టేయకండి. వనువాటు దేశంలో బ్యాంక్స్ దీవుల్లో లెమెరిగ్ అనే భాష ఒకరిద్దరు ముసలివాళ్ల దగ్గర మిగిలింది. పక్కనే ఓల్రాట్ మాట్లాడే చివరి మనిషి 2009లో పోయారు. అలాంటి చోట యాప్ అనువాదం అనే ఆలోచనే వద్దు. మిగిలిన పెద్దవాళ్లు కథ చెబితే రికార్డు చేయడం, ఆ పని తెలిసిన భాషా పరిశోధకుడికి తోడుండడం, అంతే చేయగలం. హవాయికి బడులున్నాయి, చదివే పిల్లలున్నారు, నిఘంటువులున్నాయి. అందుకే యాప్ గురించి మాట్లాడుకోగలుగుతున్నాం.

ఎన్నాళ్లు పడుతుందన్నారు. తెలుగుకి పట్టినదానికి మూడు నాలుగు రెట్లు అనుకోండి, ఎక్కువ భాగం ఎదురుచూడటమే. మీకు కావలసినవాళ్లంతా బడి టీచర్లు, సెలవుల్లో గానీ చేతికి దొరకరు. ఒక్క కథతో, మంచి గొంతుతో, పది పదిహేను బటన్లతో మొదలుపెట్టి ఒక తరగతిలో ఇచ్చి చూడండి. అది కుదిరాక రెండోది.

దాతతో ముందే మాట్లాడాల్సింది ఇంకొకటి: రెండేళ్ల తర్వాత యాప్‌లో కొత్త స్ట్రింగులు వస్తే వాటిని ఎవరు రాస్తారు, వాళ్లకు డబ్బు ఎవరిస్తారు. అది తేల్చకపోతే కొత్త బటన్లన్నీ ఇంగ్లిష్‌లో, పాతవి హవాయిలో, చివరికి ఎవరో మెషీన్‌తో నింపేస్తారు. నిర్వహణ ఖర్చు ఇవ్వనంటే, యాప్ మాట పక్కన పెట్టి అదే డబ్బుతో ఆ కథల్ని ఆడియోతో సహా పుస్తకాలుగా అచ్చు వేయించి మీడియం బడులకు ఇవ్వమనండి. రాయడానికి, బొమ్మలు వేయడానికి అక్కడ మనుషులున్నారు. ఫైళ్లు పంపేటప్పుడు ఒకినలు మాత్రం ప్రెస్‌కి వెళ్లే ముందు ఒకసారి చూసుకోండి.